పాఠకుణ్ణి నమ్మి చెడిపోకండి

కథ రాయడం నేర్పే పుస్తకాలు తెలుగులో కొన్ని ఉన్నాయి. వాటన్నిటిలోనూ ఒకటే లోపం. పాఠకుడు తెలివైనవాడన్న భ్రమలో రాసినవి అవి. కాస్త చూపించి వదిలేస్తే మిగతాది అతనే అల్లుకుంటాడట! అల్లుకుంటాడు, కాదనడం లేదు. భార్య కంచం ఎంత చప్పుడుతో పెట్టిందో రాస్తే చాలు, రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో పసిగట్టేస్తాడు. వచ్చిన చిక్కల్లా అదే. అన్నీ అతనే కనిపెట్టేస్తే ఇక రచయిత ఎందుకు? పారితోషికం ఎవరికివ్వాలి, శాలువా ఎవరికి కప్పాలి?

అందుకే ఈ సలహాలు. వారపత్రికల్లో, పండగ పోటీల్లో, ఆవిష్కరణ సభల్లో నిగ్గుతేలిన పద్ధతులివి. పాఠకుడు తనంతట తాను ఒక్క ముక్క కూడా గ్రహించకుండా కాపలా కాయడమే వీటన్నిటి లక్ష్యం. కొత్తగా కలం పట్టినవాళ్ళు వరసగా పాటించండి. చెయ్యి తిరిగినవాళ్ళలో చాలామంది ఇప్పటికే పాటిస్తున్నారు.

1. ముందు సూర్యుణ్ణి నిద్రలేపండి

కథ ఎప్పుడూ తెల్లవారుజామునే మొదలవ్వాలి. తూర్పు ఎర్రబడాలి, పక్షులు కిలకిలలాడాలి, పక్కింట్లోంచి సుప్రభాతం వినబడాలి, వంటింట్లోంచి ఫిల్టర్ కాఫీ వాసన రావాలి. ఇంతా అయ్యాక నాయిక ఒళ్ళు విరుచుకుని లేచి అద్దం ముందుకు వెళ్ళాలి. చామనఛాయ, కోటేరు ముక్కు, చక్రాల్లాంటి కళ్ళు, నడుము దాటిన జడ, అన్నీ ఆ అద్దంలోనే కనబడాలి. అద్దం లేని ఇంట్లో తెలుగు కథానాయికకు మొహం ఉండదు. అసలు సంగతి జరిగేది సాయంత్రం ఆరింటికైనా సరే, తెల్లవారకుండా సాయంత్రం ఎలా అవుతుంది?

గురజాడ ఇది పట్టించుకోలేదు. 1910లో అచ్చయిన ‘దిద్దుబాటు’ను అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టేశారు. ఎవరో తలుపు కొడుతుంటారు. ఎవరు కొడుతున్నారు, ఇంతసేపూ ఎక్కడున్నారు, లోపలివాళ్ళు ఎందుకు తియ్యడం లేదు... మొదటి నాలుగు వాక్యాల్లోనే ఇన్ని ప్రశ్నలు. పాఠకుడు కుర్చీ సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు.

వాతావరణం పెట్టండి కానీ దానికి పని మాత్రం చెప్పకండి. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’లో ఆ పని చెప్పారు. నియమాలూ సూత్రాలూ గీసుకుని బతికే రావుగారిని ఓ రైల్వేస్టేషన్లో, తుఫాను రాత్రి, ఒక ముష్టిమనిషికి ఎదురుగా నిలబెట్టారు. ఆ గాలిలో ఆయన సూత్రాలన్నీ ఎగిరిపోయాయి. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ 1952లో నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. తీరిగ్గా ఒక పేజీ సూర్యోదయం రాసి ఉంటే మొదటిదే వచ్చేదేమో!

2. మంచివాళ్ళకూ చెడ్డవాళ్ళకూ గుర్తులు పెట్టండి

తండ్రి రిటైర్డ్ టీచరు. తెల్లపంచె, చంకలో గొడుగు, నోట్లో వేమన పద్యం. కొడుకు అమెరికాలో సాఫ్ట్‌వేరు. కోడలికి జుట్టు కత్తిరించండి, ఆమె గుణం తెలియడానికి అది చాలు. పనిమనిషికి చిరిగిన చీర కట్టి, బంగారంలాంటి మనసివ్వండి. వడ్డీవ్యాపారికి మెలేసిన మీసం, మెళ్ళో పులిగోరు. పాత్ర గుమ్మంలో అడుగుపెట్టగానే చప్పట్లు కొట్టాలో శాపనార్థాలు పెట్టాలో పాఠకుడికి తెలిసిపోవాలి.

ఇలా గుర్తులు పెట్టకపోతే ఏమవుతుందో కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ చూస్తే తెలుస్తుంది. అందులో శ్రీరాములునాయుడని ఒక పెద్దమనిషి. ఊరికి మంచి చేసినవాడు, ధర్మాత్ముడని పేరుపడ్డవాడు. అప్పు విషయం పంచాయితీకి వస్తే అందరికీ న్యాయమనిపించేలాగే మాట్లాడతాడు. ఆ న్యాయంలోంచే ఒక కుటుంబం కూలిపోతుంది. చివర్లో సీతారాముడు చేసిన పనికి తప్పెవరిదో తేల్చుకోలేక పాఠకులూ విమర్శకులూ దశాబ్దాల తరబడి వాదించుకున్నారు. ఆ నాయుడికి ఒక్క పులిగోరు తగిలించి ఉంటే గొడవంతా మొదటి పేజీలోనే తీరిపోయేది.

3. వృద్ధాశ్రమం గురించి రాయండి, వెళ్ళి చూడకండి

ఏం రాయాలో తోచనప్పుడు వృద్ధాశ్రమం ఉండనే ఉంది. కొడుకు కారులో తీసుకొచ్చి దింపేసి వెళ్ళిపోతాడు, తల్లి గేటు పట్టుకుని నిలబడుతుంది. ఇంతవరకూ మీకూ తెలుసు, పాఠకుడికీ తెలుసు, పోటీ న్యాయనిర్ణేతకూ తెలుసు. ముగ్గురికీ తెలిసినదే రాస్తే ముగ్గురికీ సుఖం.

పొరపాటున కూడా అలాంటి చోటికి వెళ్ళి ఓ పూట కూర్చోకండి. అక్కడ టీవీ రిమోటు కోసం పోట్లాడుకునే ముసలివాళ్ళుంటారు. ఉప్మాలో జీడిపప్పు పక్క గది ఆవిడకే ఎక్కువ పడిందని అలిగేవాళ్ళుంటారు. డిపాజిట్ ఎంత, ఏసీ గదికి అదనంగా ఎంత, ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే ఆ ఖర్చెవరిది అనే లెక్కలుంటాయి. ‘ఇంట్లోకంటే ఇక్కడే నయం నాయనా, నాకు నిద్రొచ్చినప్పుడు పడుకుంటాను’ అని ఏ మామ్మగారో అన్నారంటే మీ కథ అక్కడికక్కడే కూలబడుతుంది. కళ్ళతో చూసి రాయాలనుకుంటే ఇలాంటి ప్రమాదాలే ఎదురవుతాయి. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, ఇంతకుముందు ఇదే కథ రాసినవాళ్ళను తలుచుకుని రాయండి.

4. రైతును గట్టుమీదే కూర్చోబెట్టండి

రైతు గురించి రాసేటప్పుడు అతను పొలం గట్టుమీద గొంతుక్కూచుని, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూడాలి. అంతకుమించి అతనికి పని లేదు. పొలం సొంతమా కౌలా అని అడగకండి. అడిగారంటే, కౌలుదారుకు పట్టాదారు పాసుపుస్తకం ఉండదనీ, బ్యాంకులో అప్పు పుట్టడం కష్టమనీ, ఎరువుల కొట్టువాడే విత్తనాలూ మందులూ అరువిచ్చి పంట తనకే తూచాలంటాడనీ బయటపడుతుంది. పత్తి యార్డుకు తీసుకెళ్తే తేమ 12 శాతం దాటిందని ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐవాళ్ళు వెనక్కి పంపడం, బయట కాచుకున్న దళారి అదే పత్తిని నోటికొచ్చిన ధరకు అడగడం కూడా రాయాల్సి వస్తుంది. అప్పుడు పాఠకుడికి రైతు కనిపిస్తాడు. మనకు కావలసింది ఆకాశం వైపు చూసే బొమ్మ. ‘అన్నదాత’ అని రెండుసార్లు, ‘భూమిపుత్రుడు’ అని ఒకసారి రాసి వదిలేయండి.

5. ఒకసారి చెప్పింది మూడుసార్లు చెప్పండి

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇదే కాబట్టి ఉదాహరణతో వివరిస్తాను. తెలిసీ తెలియని కొత్త రచయిత ఒకరు ఇలా రాశారనుకోండి:

‘సాయంత్రం ఆయన తెచ్చిన క్యారియర్ సింకులో వెయ్యబోయి ఆగింది రమణమ్మ. క్లిప్పు తీసి చూసింది. మూడు గిన్నెలూ కడిగి ఉన్నాయి. పాతికేళ్ళలో ఆయన క్యారియర్ కడిగి తెచ్చింది లేదు. అడుగు గిన్నె అంచుకి సన్నటి ఇసుక అంటుకుని ఉంది. వేలితో తుడిచి, గుమ్మంలోంచి హాల్లోకి చూసింది. ఆయన మెళ్ళోంచి ఐడీ కార్డు తీసి, రోజూ తగిలించే మేకుకే తగిలించాడు.

“కూరలో ఉప్పు సరిపోయిందా?” అంది.

“ఆఁ, బావుంది. మావాళ్ళు కూడా మెచ్చుకున్నారు.”

మర్నాడు క్యారియర్‌తో పాటు నీళ్ళసీసా, చిన్న తువ్వాలు కూడా సంచిలో పెట్టింది.’

ఏముంది ఇందులో? మూడు గిన్నెలు, కాస్త ఇసుక. ఆయన ఉద్యోగం పోయిందని ఎక్కడా లేదు. ఏ పార్కులోనో కూర్చుని తిని, కుళాయి కింద గిన్నెలు కడుక్కున్నాడని లేదు. ఆవిడకు తెలిసిపోయిందని గానీ, తెలిసినట్టు ఆయనకు తెలియనివ్వకూడదనుకుందని గానీ లేదు. అవన్నీ పాఠకుడే పోగుచేసుకోవాలి. డబ్బిచ్చి పత్రిక కొన్నవాడి చేత ఇంత చాకిరీ చేయిస్తారా? దీన్ని ఇలా సరిదిద్దాలి:

‘కడిగిన క్యారియర్ చూడగానే రమణమ్మ గుండెల్లో వెయ్యి అగ్నిపర్వతాలు ఒక్కసారిగా బద్దలయ్యాయి. కాళ్ళకింద భూమి కంపించింది. అయ్యో! తన భర్త ఉద్యోగం పోయిందన్న చేదునిజం ఆమెకు తెలిసిపోయింది! కుటుంబం కోసం ఆ త్యాగమూర్తి రోజూ ఆఫీసుకు వెళ్తున్నట్టు నటిస్తున్నాడు! మధ్యతరగతి బతుకుల్లో ఎన్ని విషాదాలో కదా అనుకుందామె. ఆమె కళ్ళు వర్షించాయి. “ఏవండీ! నా దగ్గర కూడా దాచారా? సుఖంలోనే కాదు, కష్టంలోనూ తోడుండేదే భార్య!” అంటూ ఆయన పాదాలపై వాలిపోయింది. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి. బయట ఆకాశం కూడా భోరున ఏడవసాగింది.’

చూశారా తేడా? ఇసుక పోయింది, మేకు పోయింది, తువ్వాలు పోయింది. ఉప్పు సంగతి అడిగే అవసరమే లేకుండా పోయింది. ఆవిడ ఏడ్చింది, ఆయన ఏడ్చాడు, ఆకాశమూ ఏడ్చింది. ఇంతమంది ఏడ్చాక పాఠకుడు ఏడవనవసరం లేదు. మొదటిదాంట్లో అయితే ఒక్కరూ ఏడవలేదు కనుక ఆ భారం అతని మీదే పడేది.

6. పాత్రలు తమకు తెలిసిన సంగతులే చెప్పుకోవాలి

‘నీకు తెలుసు కదా సుధా, మన పెళ్ళయి ఇరవయ్యేళ్ళయింది. మనకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు వరంగల్లో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు.’ భర్త ఇలా అనగానే సుధ ఆశ్చర్యపోకూడదు. ‘అవునండీ, రెండోది మన అమ్మాయి, ఇంటర్ చదువుతోంది’ అని పూర్తిచేయాలి. తల్లికి కూతురి చదువు గుర్తుందని పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు.

ఒకరు అడిగినదానికి రెండోవాళ్ళు సూటిగా, సంపూర్ణంగా, వ్యాకరణబద్ధంగా జవాబు చెప్పాలి. మాట దాటెయ్యడం, అడిగింది ఒకటైతే మరొకటి చెప్పడం, మధ్యలో ‘పాలు పొంగుతున్నాయి’ అని లేచిపోవడం వంటివి ఇళ్ళల్లో జరిగేవి, కథల్లో జరగకూడదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్లో పేజీలకు పేజీలు మనుషులు మాట్లాడుకుంటూనే ఉంటారు. దెప్పుతారు, బుజ్జగిస్తారు, మాటకు మాట అంటించి పారిపోతారు. ‘అని కోపంగా అన్నది’, ‘అని బాధగా పలికాడు’ అని పక్కన చీటీ అంటించకపోయినా ఎవరి గొంతు ఎవరిదో తెలిసిపోతుంది. అలాంటి వాటిని సంభాషణ రచనకు ఆదర్శంగా తీసుకుంటే మీ కలంలో సిరా కంటే ముందు మీ చెవులకు పని పడుతుంది.

7. యాసను వాచ్‌మన్‌కే కేటాయించండి

కథ చెప్పే రచయిత, డాక్టరు, కలెక్టరు, ప్రేమికులు పాఠ్యపుస్తకంలోలాగే మాట్లాడాలి. యాస అనేది వాచ్‌మన్, ఆటోడ్రైవర్, పనిమనిషి వంటివాళ్ళు పేదవాళ్ళని తెలియడానికి పెట్టే గుర్తు. అది ఏ ఊరి యాసో తేల్చుకోనక్కర్లేదు. ‘గట్లనే బాబూ, ఏటి సేస్తాం, యాడికని బోతాం’ అని ఒకే నోట అనిపిస్తే కరీంనగర్, శ్రీకాకుళం, కర్నూలు మూడూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి. తెలుగువాళ్ళ సమైక్యతకు ఇంతకంటే సేవ ఏముంది?

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ రాస్తూ నిజాం కాలపు తెలంగాణ పల్లెను ఆ పల్లె మాటతోనే నిలబెట్టారు. నామిని సుబ్రమణ్యం నాయుడు ఇంకో అడుగు ముందుకేసి, పాత్రలకే కాక కథ చెప్పే గొంతుకు కూడా చిత్తూరు పల్లె మాటే ఇచ్చేశారు. ఇలా చేస్తే వాచ్‌మన్‌కూ రచయితకూ తేడా ఎలా తెలుస్తుంది? రావిశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు. సారా కేసుల్లో ఇరుక్కుని కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ళ మాటలు వినక తప్పని వృత్తి ఆయనది. మీకా అగత్యం లేదు. బస్సెక్కగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. పక్క సీటులో ఇద్దరాడవాళ్ళు ఆడపడుచు పెళ్ళి బంగారం గురించి గుసగుసలాడుకుంటూ ఉంటారు. వాళ్ళ మాటలు చెవిన పడితే మీ శైలి చెడిపోతుంది.

8. పేరులోనే కథ చెప్పెయ్యండి

‘కనువిప్పు’, ‘పశ్చాత్తాపం’, ‘మారిన మనిషి’, ‘మానవత్వం బతికే ఉంది’. ఇలాంటి పేరు పెడితే చివరికి ఏమవుతుందో పాఠకుడికి ముందే తెలిసిపోయి, మనశ్శాంతిగా చదువుకుంటాడు. చదవకపోయినా నష్టం లేదు.

9. ముగింపు లారీ చేతిలో పెట్టండి

చెడ్డవాడు మారాలి, లేదా లారీ కింద పడాలి. తెలుగు కథల్లో లారీలు చేసినంత న్యాయం కోర్టులు చేయలేదు. అల్లుడు కట్నం కోసం వేధిస్తుంటే కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగడం ఎక్కడ రాస్తారు? హైవే మీద ఓ లారీని పంపండి.

లారీ దొరక్కపోతే ఉత్తరం ఉంది. చనిపోయిన మనిషి దిండు కింద దొరికే ఆ ఉత్తరంలో కథంతా మొదటినుంచి మళ్ళీ చెప్పాలి. రోగం ముదిరి చెయ్యి కదపలేని స్థితిలో ఉన్న మనిషి ఐదు పేజీల ఉత్తరం ఎలా రాశాడని ఎవరూ అడగరు. అదీ కుదరకపోతే ‘ఉలిక్కిపడి లేచాడు, ఇదంతా కలా!’ అనేసి చేతులు దులుపుకోండి.

ఏ దారిన వెళ్ళినా చివరి పేరాలో సందేశం తప్పనిసరి. ‘నేటి యువత ఇకనైనా మేలుకోవాలి’ అన్న వాక్యం ఏ కథకైనా అతుకుతుంది. ‘దిద్దుబాటు’ విషయానికే వస్తే, పేరు మాత్రం గురజాడ మన పద్ధతిలోనే పెట్టారు. కానీ చివరికొచ్చేసరికి మంచం కిందినుంచి పెళ్ళాం నవ్వు వినిపించి ఆపేశారు. ఆ భర్త ఇక బుద్ధిగా ఉన్నాడా, మళ్ళీ బయల్దేరాడా అన్నది పాఠకుడికే వదిలేశారు. వందేళ్ళు దాటినా జనం దాని గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. మన సందేశంతో ముగిసిన కథకు ఆ బెడద లేదు. పేజీ తిప్పడంతోనే మాట్లాడుకోవలసినది అయిపోతుంది.

10. రాసింది మళ్ళీ చూడకండి

‘ఈ కథ నేను రాయలేదు, కథే నాచేత రాయించుకుంది’ అని ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి వీలుగా, ఒక్క కూర్పులోనే ముగించండి. కొట్టివేతలు చేతకానివాడి లక్షణం. మొదటి పేజీ కొట్టేస్తే కథ రెండో పేజీలోనే మొదలవుతుందని ఎవరైనా మిత్రుడు చెబితే, అతనితో స్నేహం తగ్గించుకోండి. తప్పులుంటే డీటీపీ చేసినవాడి మీదకు తోసెయ్యండి, యూనికోడ్ మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోయాయనండి.

త్రిపుర జీవితకాలంలో రాసిన కథలు పట్టుమని ఇరవై కూడా లేవు. ఇప్పటికీ ఆయన పేరు చెబితే కళ్ళు మెరిసే పాఠకులున్నారనుకోండి, కానీ ఇరవై కథలకు ఎన్ని సంపుటాలు వస్తాయి? మీరు నెలకు నాలుగు రాయండి. సంఖ్య చెప్పుకోవడానికి బాగుంటుంది. పరిచయం చేసేవాళ్ళు ‘ఇప్పటివరకు మూడొందల పైచిలుకు కథలు’ అన్నాక సభలో ఎవరూ ‘అందులో ఒకదాని పేరు చెప్పండి’ అనరు.

11. ఇతరుల కథలు చదవకండి

చదివితే ప్రభావం పడుతుంది, సొంత గొంతు పోతుంది. చదవనివాళ్ళ గొంతులన్నీ ఒకేలా ఎందుకుంటాయన్నది వేరే చర్చ. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పారు, తెలుగు కథలు అచ్చయిన పత్రికలూ పుస్తకాలూ అక్కడ పోగుచేసి పెట్టారు. అటువైపు వెళ్ళినా అరసవల్లి దర్శనం చేసుకుని తిన్నగా వచ్చెయ్యండి. లోపలికి వెళ్తే మీరు నిన్న రాసిన కథను 1950లలోనే ఎవరో ఇంకా బాగా రాసేశారని తెలిసే ప్రమాదం ఉంది.

వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ కొనండి. 1999లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు పొందిన పుస్తకం, బీరువా అద్దంలోంచి చూస్తే హుందాగా ఉంటుంది. పక్కనే కాళీపట్నం రామారావు ‘కథాకథనం’ పెట్టండి. తియ్యక్కర్లేదు.

సాహిత్య చర్చల్లో మాత్రం వెనకబడకండి. మొదటి తెలుగు కథ ‘దిద్దుబాటా’, 1902లో వచ్చిన బండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశా’ అన్న వాదం ఎప్పుడు లేచినా గొంతు పెంచి పాల్గొనండి. రెండూ చదవనివాళ్ళే నిష్పాక్షికంగా మాట్లాడగలరు.

12. పోటీని బట్టి కథ, పేజీలను బట్టి మనుషులు

సంక్రాంతి పోటీకి పల్లె, ఉగాది పోటీకి వేపపువ్వు, మాతృదినోత్సవానికి అమ్మ. నిడివి ఆరు పేజీలు మించరాదంటే అన్నదమ్ముల్లో ఒకణ్ణి తీసెయ్యండి. పది పేజీలన్నారంటే వాణ్ణి దుబాయ్ నుంచి వెనక్కి పిలిపించండి.

‘ఈ కథ నా సొంతం, అనువాదమూ అనుసరణా కాదు, మరెక్కడా అచ్చు కాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’ అనే హామీపత్రం జతచేయాలి కదా. అదే కథను నాలుగు పేర్లతో నాలుగు పత్రికలకు పంపుతున్నప్పుడు ఈ పత్రాన్ని శ్రద్ధగా రాయండి. మీ కాల్పనిక రచనల్లో అన్నిటికంటే నమ్మదగినట్టు ఉండాల్సింది ఇదే. బహుమతి రాక ‘సాధారణ ప్రచురణకు స్వీకరించాం’ అని వస్తే, రచయిత పరిచయంలో ‘పోటీలో ఎంపికైన కథ’ అని రాసుకోండి. అబద్ధం కాదు.

13. కథలకంటే ముందుమాటలు బరువుగా ఉండాలి

సంపుటి వేసేటప్పుడు కనీసం నలుగురి చేత ముందుమాటలు రాయించండి. ఒక్కొక్కరూ కథల పేర్లన్నీ వరసగా చెప్పి, ఒక్కోదాని సారాంశం ఇచ్చి, మీలో చలం ధైర్యం, కొడవటిగంటి సూటిదనం, మల్లాది రామకృష్ణశాస్త్రి తెలుగుదనం ముప్పేటగా ఉన్నాయని తేల్చాలి. ఇవి చదివాక కథలు చదవనక్కర్లేదు, అదే వాటి ప్రయోజనం.

ఆవిష్కరణ సభలో అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి అని పిలుస్తూ పోతే కిందకంటే వేదిక మీదే ఎక్కువమంది తేలతారు. సభ నిండుగా ఉన్నట్టు ఫొటో తియ్యడానికి కెమెరా వేదిక వైపే ఉంచండి. మిగిలిన ప్రతులు మంచం కింద అట్టపెట్టెల్లో భద్రంగా ఉంటాయి. వచ్చిన ప్రతి చుట్టానికీ ఒకటి సంతకం చేసి ఇవ్వండి. మళ్ళీ రావడం తగ్గిస్తారు.

ఎవరైనా సమీక్షలో ‘కథ బాగుంది కానీ...’ అని రాస్తే, ఆ ‘కానీ’ తర్వాత చదవకండి. చదివినా అతనికి మీ కులం మీదో, ప్రాంతం మీదో కక్ష ఉందని తీర్మానించండి. అతను చెప్పింది నిజమా అని ఒక్కసారి తిరిగి చూసుకోవడం మొదలుపెడితే పదో సలహాను ఉల్లంఘించినట్టే.

చివరిగా ఒక హెచ్చరిక

ఈ సలహాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే మీ కథ అచ్చవుతుంది, బహుమతీ రావచ్చు, సన్మానం తప్పక జరుగుతుంది. మర్నాటికి ఎవరికీ గుర్తుండదు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. అలాకాక బస్సులో ఇయర్‌ఫోన్లు తీసి విన్నా, రైతును పాసుపుస్తకం గురించి అడిగినా, రాసిన పేజీ కొట్టేసి మళ్ళీ రాసినా, పాఠకుణ్ణి నమ్మి ఒక్క మాట చెప్పకుండా వదిలేసినా కథలోకి మనుషులు జొరబడతారు. అలా వచ్చినవాళ్ళను పాఠకులు ఏళ్ళ తరబడి వదిలిపెట్టరు. తర్వాతి కథ ఎప్పుడని అడుగుతారు, రాయడం ఇంకా కష్టమవుతుంది. ఆ పరిణామాలకు ఈ వ్యాసకర్త బాధ్యత వహించడు.